ఒక తీగ బుర్రలు, ఒక పొద వెదురు

ఫోనులో "అన్నా, బాగున్నవా?" అని పలుకరించి, అటునుండి వచ్చిన కంఠము అన్నగారిదే అనుకొని, కుశలప్రశ్నలు ముగించి, నిరుడు చేబదులుగా ఇచ్చిన సొమ్ము ప్రస్తావనను కూడ మెల్లగా కదిపిన పిమ్మట, "నేను అన్నను గాను, తమ్ముణ్ణి, అన్న చేనికి పోయిండు" అను సమాధానము విని నాలుక కరచుకొననివారు మనలో అరుదు. ఎదుట కూర్చుండి మాటలాడునప్పుడు ఒక్కనాడును పొరపడని మన చెవి ఫోనులో పొరపడుటకు కారణము లేకపోలేదు. పాత పద్ధతి టెలిఫోను మనిషి కంఠములోని ధ్వనినంతటిని మోయదు. సెకనుకు ఇంచుమించు 300 కంపనములకు దిగువనున్నదానిని, 3400 కంపనములకు ఎగువనున్నదానిని వదలివేసి, నడిమి భాగమును మాత్రమే చేరవేయును. మాట అర్థమగుటకు అది చాలును. కాని ఒక మనిషిని అతని తోబుట్టువునుండి వేరుచేసి చూపు నలుసులు కొన్ని ఆ వడపోతలో జారిపోవును. మిగులునది వంశపు పోలిక.

ఆ పోలికయే పెట్టుబడిగా లోకములో ఎన్నో గానబృందములు వెలసినవి. హైదరాబాదు సోదరులుగా పేరుగాంచిన రాఘవాచారి, శేషాచారి గార్ల జంటగానము విన్నవారికి, ఒకరు ఎక్కడ విడిచినారో, మరియొకరు ఎక్కడ అందుకొన్నారో తెలియకపోవుట అనుభవములోనిదే. పాశ్చాత్యుల పాప్, రాక్ సంగీతములలో బీ గీస్ అను ముగ్గురు అన్నదమ్ముల బృందము ఇట్టిదే. అయితే 1961లో కాలిఫోర్నియాలోని హాథార్న్ పట్టణమున పుట్టిన బీచ్ బాయ్స్ బృందపు కూర్పు ఇంకను విచిత్రమైనది: బ్రయన్, డెన్నిస్, కార్ల్ విల్సన్ అను ముగ్గురు అన్నదమ్ములు, వారి మేనత్త కొడుకు మైక్ లవ్, వీరితో రక్తసంబంధమేమియు లేని బడి స్నేహితుడు ఆల్ జార్డీన్. పెద్ద కంపెనీల అండ లేక తమ పాట తామే కట్టుకొను నేటి చిన్న బృందములలో కూడ ఈ కూర్పు తరచుగా కనబడుచుండును. ఇంటిలోనివారు ఇద్దరు ముగ్గురు, వీధిలోని దోస్తు ఒక్కడు. తోబుట్టువులే చాలియున్నచో ఆ దోస్తు ఎందులకు? దోస్తులే చాలియున్నచో తోబుట్టువుల కంఠములకు అంత విలువ ఏల? ఈ ప్రశ్నకు ధ్వనిశాస్త్రము కొంతవరకు సమాధానము చెప్పగలదు. ఆ సమాధానమును కంటితో చూడదలచినవారు కాలిఫోర్నియా దాక పోనక్కరలేదు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ఇంటింట కథ చెప్పి తిరిగిన కిన్నెర వాద్యమును ఒకమారు పరికించి చూచిన చాలును.

ముందుగా కంఠము సంగతి. మన గొంతులో కంఠతంత్రులు అను రెండు మెత్తని మడతలు కలవు. పురుషులలో వాని పొడవు రెండు సెంటీమీటర్ల ప్రాంతము, స్త్రీలలో ఒకటిన్నర ప్రాంతము. ఊపిరి వానినడుమనుండి దూసుకొనివచ్చునప్పుడు అవి కొట్టుకొని పురుషకంఠములో సెకనుకు నూటికి పైచిలుకు, స్త్రీకంఠములో రెండువందల ప్రాంతము మారులు కంపించును. అయితే ఆ కంపనము కేవలము ముడిసరుకు. అది ఒక్కటే వినబడినచో తుమ్మెద రొదకు మించి యుండదు. దానికి అకారమని, ఇకారమని రూపము దిద్దునది గొంతునుండి పెదవుల దాక వ్యాపించిన గొట్టము. పదిహేడున్నర సెంటీమీటర్ల పొడవు కలిగి, ఒక కొన మూసి, రెండవ కొన తెరచియున్న గొట్టము సెకనుకు 500, 1500, 2500 కంపనముల వద్ద ప్రతిస్పందించునని లెక్క తేలును. నాలుక కదలినకొలది, పెదవులు ముడిచినకొలది ఈ సంఖ్యలు పైకిని క్రిందికిని జరుగును. కంపనమును పుట్టించునది ఒకటి, దానిని వడగట్టి రూపమిచ్చునది మరియొకటి అను ఈ సిద్ధాంతమును స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు గున్నార్ ఫాంట్ 1960లో ప్రచురించిన గ్రంథమున సాంగముగా నిరూపించెను. ఈ రెండు పాత్రలను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. కిన్నెర కడ ఇవియే మరల వేషము మార్చుకొని వచ్చును.

తోబుట్టువులకు ఈ గొట్టము ఒకే అచ్చులో పోసినట్లుండుట సహజము. అంగిలి వంపు, దవడ వెడల్పు, ముక్కు దూలము తల్లిదండ్రులనుండి సంక్రమించునవి. కావుననే కవలల కంఠములు, అందును ఒకే అండమునుండి పుట్టిన కవలల కంఠములు, విశేషముగా పోలియుండును. కాని వారసత్వము ఎముకతో ముగియదు. ఒకే వాకిట పెరిగినవారికి అచ్చులను తెరచు తీరు, మాట చివర సాగదీయు తీరు, ఊపిరి తీసికొను తావు కూడ ఒకటే అగును. గద్వాల నడిగడ్డవాని "యాడికి పోతున్నవ్" అనుటలోని ఆకారము, కోస్తావాని నోట పుట్టు ఆకారము ఒకటి కావు. ఇద్దరు కలిసి పాడునప్పుడు శ్రుతి ఒక్కటే కుదిరిన చాలదు, అచ్చు కూడ కుదురవలెను; అచ్చు కుదిరిననాడే ఒకరి గొట్టము ఏ కంపనములను పెంచునో రెండవవారి గొట్టము కూడ వానినే పెంచి, రెండు కంఠములు ఒక్క కంఠముగా కరగును. పరాయివారు సాధన చేసి సంపాదించుకొనవలసిన ఈ సామ్యము తోబుట్టువులకు ఉగ్గుపాలతో వచ్చినది.

అయినను పూర్తి సామ్యము సంగీతము కాదు. ఒకరు సెకనుకు 240, మరియొకరు 243 కంపనములతో పాడినచో వినువారికి సెకనుకు మూడుమారులు ధ్వని ఉబ్బి తగ్గినట్లు తోచును. ఈ తేడా పెరిగినచో చెవికి బరక, బొత్తిగా లేకున్నచో ఒక్క మనిషి కొంచెము బిగ్గరగా పాడినట్లే యుండును. పదిమంది కలిసి పాడిన పాటలో వినవచ్చు నిండుదనమునకు మూలము ఆ పదిమందియు సరిగా ఒక్కటి కాకపోవుటయే. ఇక రెండవ చిక్కు మరుగుపాటు. ఒకే మేరలోని కంపనములు రెండు చెవిలో ప్రవేశించినప్పుడు బలమైనది బలహీనమైనదానిని కప్పివేయును. అన్నదమ్ములు నలుగురు ఒకే మేరలో గొంతెత్తినచో ఒకరినొకరు కప్పుకొందురే గాని పాటకు వెడల్పు రాదు. ఆ వెడల్పును తెచ్చువాడు వేరొక మేరలో నిలువగలవాడు కావలెను. 1961లో బీచ్ బాయ్స్ తమ తొలి పాటను రికార్డు చేసినప్పుడు, నిలువెత్తు బేస్ వాద్యమును చేతబట్టి అన్నదమ్ముల కంఠములకు అడుగున మంద్రధ్వనిని పరచినవాడు స్నేహితుడైన జార్డీనే యగుట ఈ సందర్భమున గమనింపదగినది.

ఇట్టి బృందమొకటి పాలమూరు సీమలో ఎంతోకాలముగ ఒక్క మనిషి భుజము మీద నడచుచున్నది. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంట గ్రామమునకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరను మీటుచు పండుగ సాయన్న వంటి వీరుల కథలను పాడుచుండగా విన్నవారికి ఈ మాట అతిశయోక్తిగా తోచదు. మాదిగవారి యిండ్ల ముందర కథ చెప్పి జీవించు డక్కలివారి చేతిలో ఈ వాద్యము నిలిచినది. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ పురస్కారము లభించుటతో దాని పేరు దేశమంతట మారుమ్రోగినది. పొరుగున నారాయణపేట జిల్లా దామరగిద్ద గ్రామవాసి దాసరి కొండప్పకు 2024లో అదే పురస్కారము బుర్రవీణను వాయించినందులకు వచ్చుట చూడగా, ఈ నేలకును సొరబుర్రకును గల అనుబంధము కాకతాళీయము కాదని తోచును.

కిన్నెర చరిత్ర కూడ చిన్నది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నెర బ్రహ్మయ్య అను భక్తుని కథ చెప్పినాడు. ఆ పేరులోనే వాద్యము కలదు. పదుమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవరాజుల ఆశ్రయమున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు కిన్నరీవీణకు చిన్నది, పెద్దది అను భేదములను చెప్పి దాని నిర్మాణమును వర్ణించినాడు. వీణకు మెట్లు కట్టు విద్యను కిన్నరిపైననే మొదట మతంగుడు ప్రవేశపెట్టెనని సంప్రదాయము. 1891లో దక్షిణదేశ వాద్యములపై గ్రంథమును వెలువరించిన కెప్టెన్ సి. ఆర్. డే, ఈ వాద్యమునకు క్రింద మూడు బుర్రలుండునని, మెట్లకు తరచుగా అలుగు పొలుసులను వాడుదురని, తంత్రి బిగించు కొనను గ్రద్ద రొమ్ము ఆకారమున చెక్కుదురని వ్రాసినాడు. అలుగు నేడు చట్టము రక్షించుచున్న జంతువు కనుక ఆ మెట్లు ఇప్పుడు పనికిరావు. రాజసభలో శాస్త్రజ్ఞులు లక్షణము చెప్పిన వాద్యము మాత్రము భిక్షాపాత్రతో పాటు ఊరూర తిరిగి బ్రతికి బయటపడినది.

దాని దేహమును విప్పి చూతము. వెదురుబొంగు ఒకటి; దానిపై మైనముతో నిలిపిన మెట్లు; మెట్లమీదుగా సాగిన తంత్రి; క్రింద వరుసగా మూడు ఎండిన బుర్రలు. తంత్రి పూర్వము వెండ్రుకతోను నరముతోను పేనినదట; ఇప్పుడు లోహపు తీగ. తంత్రి కంపనసంఖ్య మూడింటిపై ఆధారపడునని ఫ్రాన్సు దేశపు మతాచార్యుడు మెర్సెన్ 1636లో సూత్రీకరించినాడు: పొడవు సగమైనచో కంపనములు రెట్టింపు, బిగువు నాలుగింతలైనచో రెట్టింపు, బరువు నాలుగింతలైనచో సగము. అరువది సెంటీమీటర్ల తంత్రిని తీసికొని, ఒక స్థాయిని పన్నెండు సమభాగములు చేయదలచితిమేని, మొదటి మెట్టు కొననుండి 3.4 సెంటీమీటర్ల దూరమున పడును; పన్నెండవ మెట్టు సరిగా నడుమ, ముప్పదవ సెంటీమీటరు కడ పడును; ఆ చివరి రెండు మెట్ల నడిమి ఎడము మాత్రము 1.8 సెంటీమీటర్లే. మెట్లు పైకి పోయినకొలది ఇరుకగుట అలంకారము కొరకు కాదు, గణితము కొరకు. కిన్నెరకాడు ఈ గణితమును కాగితముపై వేయడు. మైనమును వెచ్చచేసి, మెట్టును నూలువాసి జరిపి, చెవితో సరిచూచుకొనును. అతని పన్నెండు మెట్లు హార్మోనియము మెట్లవలె సమభాగములు కానక్కరలేదు. తన కథకు కావలసిన స్వరమెక్కడనున్నదో మెట్టు అక్కడికే పోవును.

కాని తంత్రి స్వతస్సిద్ధముగా మూగది. సన్నని తీగ గాలిని నెట్టలేదు, చీల్చుకొని పోవును. దాని ముందరి గాలి ఒత్తిడి వెంటనే ప్రక్కలనుండి జారి వెనుకకు చేరి సరిపోవును. గాలిని కదలించుటకు వెడల్పైన దేహము కావలెను. ఆ దేహమే బుర్ర. మన పాలమూరు పల్లెలలో ఆనిగెపుకాయ అని పిలుచుకొను సొర జాతి కాయ తీగపైననే ముదిరి, లోపలి గుజ్జు ఎండి, పైచిప్ప కొయ్యవలె గట్టిపడినప్పుడు, తేలికయు గట్టితనమును ఒక్కచోట చేరిన అరుదైన పాత్ర సిద్ధమగును. తేలికైనది కనుక తంత్రినుండి వచ్చిన కొద్దిపాటి కదలికకే ఉలికిపడును. గట్టిది కనుక ఆ కదలికను దిగమ్రింగక గాలికి అప్పగించును.

బుర్రలోని గాలి సంగతి వేరుగా చెప్పవలెను. బోరింగు క్రింద బిందె పెట్టి, వెనుదిరిగి ముచ్చటలాడుచున్న ఇల్లాలు బిందె నిండవచ్చినదని చూడకయే కనిపెట్టును. నీరు పెరిగినకొలది లోపలి గాలి తరిగి, దాని ధ్వని హెచ్చుచుండుట ఆమె చెవికి తెలియును. నోరు గల పాత్రలోని గాలి ఒక దూదిపరుపు వంటిది. నోటి కడనున్న గాలి దానిపై ఎగిరిపడు బిడ్డ వంటిది. పాత్ర పెద్దదైనచో పరుపు మెత్తన, ఎగురుట నిదానము. పాత్ర చిన్నదైనచో పరుపు బిరుసు, ఎగురుట వడి. జర్మనుదేశపు హెల్మ్‌హోల్ట్‌జ్ 1863లో ప్రకటించిన మహాగ్రంథమున ఇట్టి గోళములను వాడియే సంగీతధ్వనులను విడదీసి చూపినాడు. మూడు లీటర్ల గాలి పట్టు బుర్రకు ఆరు సెంటీమీటర్ల అడ్డుకొలత గల నోరు కోసినచో, దాని సహజ కంపనసంఖ్య సెకనుకు 225 ప్రాంతమని లెక్కకు వచ్చును. అదే నోటితో బుర్ర నాలుగింతలు పెద్దదైనచో ఆ సంఖ్య సగమగును. ఒక్క బుర్ర ఒక్క మేరలోని స్వరములనే ఆప్యాయముగా పలికించును. పరిమాణములలో తేడా గల మూడు బుర్రలు చేరినప్పుడు ఒకటి వదలినదానిని మరియొకటి అందుకొనును. ఒక తీగకు కాసినవైనను కాకున్నను ఒకే జాతివి. చిప్ప ఒకటి, రంగు ఒకటి, నాదపు తీరు ఒకటి. అయినను ఎత్తు వేరు. వీనిని అన్నదమ్ములనుటకు అభ్యంతరమేమి?

ఇక స్నేహితుడు. సొరతీగకును వెదురుపొదకును చుట్టరికము లేదు. ఒకటి పెరటి పందిరిది, మరియొకటి నల్లమల అడవిది. కాని వెదురు లేనిదే ఈ అన్నదమ్ములు మూడు వేరు బుర్రలే గాని వాద్యము కాదు. మిల్లీమీటరులో మూడు పదవవంతుల లావు గల ఉక్కు తీగను అరువది సెంటీమీటర్ల పొడవున సెకనుకు 200 కంపనములకు శ్రుతి చేయవలెనన్నచో దానిని మూడు కిలోల పైచిలుకు బరువు వ్రేలాడదీసినంతగా లాగియుంచవలెను. ఈ లాగుడు రేయింబవళ్లు ఆగదు. బుర్రచిప్పకు కట్టినచో పగిలిపోవును; వెదురు భరించును. వెదురులోని నారలన్నియు నిలువునా సాగి, గట్టిదనమంత బయటి పొరయందు చేరి, నడుమ బోలుగా నుండుటచే, తాను తేలికగా నుండియే వంగక నిలువగలదు. అంతియే కాదు, తంత్రి కదలికను మూడు బుర్రలకును పంచిపెట్టు దారి కూడ అదియే. పాడునది తాను కాదు, తాను లేనిదే పాట లేదు. బృందములో స్నేహితుని పదవి ఇంచుమించు ఇట్టిదే.

ఈ పంపకమున ఒక సున్నితమైన ధర్మము కలదు. తంత్రిలోని శక్తి పరిమితము; ఒకమారు మీటినప్పుడు ఇచ్చినదే దాని ఆస్తి. బుర్రకును తంత్రికిని పొత్తు మరీ గట్టిదైనచో ఆస్తియంతయు క్షణములో ఖర్చై ధ్వని పెళ్లున లేచి టక్కున ఆరిపోవును. పొత్తు మరీ వదులైనచో ధ్వని చాలసేపు నిలుచును గాని ఎవరికిని వినబడదు. వాద్యకారుని నేర్పంతయు ఈ రెంటి నడుమ తావు వెదకుటయందున్నది. గద్వాల నేతగాడు నూలు చీరకు పట్టు అంచును కుట్టక, మగ్గముపైననే నూలుపేకను పట్టుపేకలో మెలివేసి కలుపును. పోగు బిగిసినచో ముడుత, వదలినచో సందు. చీర మన్నిక నూలులోను లేదు, పట్టులోను లేదు, ఆ మెలికలో నున్నది. కిన్నెరకు ఆ మెలిక తేనెమైనము.

2021 సెప్టెంబరులో ఈ వాద్యమునకు ఒక క్రొత్త స్నేహము కుదిరినది. తమన్ సంగీతము సమకూర్చిన భీమ్లా నాయక్ చలనచిత్రపు పేరుపాటను మొగులయ్య తన కంఠముతో, కిన్నెరతో ఎత్తుకొనగా, ఆ వెంటనే పెద్ద డప్పుల హోరు, యంత్రవాద్యముల ఘోష వచ్చి చేరినవి. చౌరస్తా బృందముతో పేరు పొందిన రామ్ మిర్యాల కూడ ఆ పాట గాయకులలో నొకడు. మరుగుపాటు సూత్రము ప్రకారము మూడు బుర్రల నాదము ఆ హోరులో మునిగిపోవలసినది. కాని పాటను కట్టినవారు కిన్నెరను హోరు క్రింద పెట్టక, హోరునకు ముందు నిలిపినారు. పాట మొదలున మరి యేదియు లేని నిశ్శబ్దములో చెవి ఆ నాదమును పట్టుకొన్నది. బృందమున ఎవరికి ఏ మేర, ఎవరికి ఏ క్షణము అను పంపకము తప్పనిచో పల్లె బుర్రకును పట్నపు యంత్రమునకును పొత్తు కుదురునని ఆ పాట ఋజువు చేసినది.

క్షణమను మాట వచ్చినది గనుక దానికిని లెక్క చెప్పవలెను. ధ్వని సెకనుకు 343 మీటర్ల చొప్పున పయనించును. వేదికపై మూడున్నర మీటర్ల దూరమున నిలిచిన స్నేహితుని తాళము మనకు సెకనులో నూరవవంతు ఆలస్యముగా చేరును. పది మీటర్ల దూరమునకు జరిగినచో ఆ ఆలస్యము ముప్పది వెయ్యవ వంతులు. అనుభవజ్ఞుని చెవి ఇక తాళము తప్పినదని గుర్తించు మేర అదియే. కలిసి పెరిగిన అన్నదమ్ములు ఎదుటివాని ఊపిరిని బట్టి ఈ ఎడమును ముందే పూడ్చుకొందురు. స్నేహితుడు కొన్నేండ్లు వారి ప్రక్కన కూర్చుండి ఆ ఊపిరిని నేర్చుకొనవలెను.

ఆ నేర్చుకొనుట ఒకనాటితో ముగియునది కాదని చెప్పునది కూడ కిన్నెరయే. తేనెమైనము 62 డిగ్రీలు దాటినగాని కరగదు. కాని అంతకు చాల ముందే మెత్తబడును. పాలమూరు వైశాఖమున నలువది డిగ్రీల ఎండలో కిన్నెరను మోసికొని పోవునప్పుడు బుర్రలకేమియు కాదు, వెదురునకేమియు కాదు; వాని నడుమ నిలిచిన మైనము మాత్రము మెత్తబడి మెట్లు కదలబారును. గాలి వేడెక్కి ధ్వనివేగము హెచ్చుటచే బుర్రల స్వరములు కూడ చలికాలమున నున్నచోట నుండవు. కిన్నెరకాడు చెట్టు నీడకు చేరి, ఒక్కొక్క మెట్టును వ్రేలితో నొక్కి, మైనమును చల్లారనిచ్చి, తంత్రిని మీటి, మరల సరిచేసికొని లేచును. అన్నదమ్ముల పోలిక ఒకమారు పుట్టుకతో వచ్చినది, మరల అడుగనక్కరలేదు. స్నేహము మాత్రము ప్రతి యూరి పొలిమేరలోను క్రొత్తగా శ్రుతి చేసికొనవలసినది. ఆ శ్రమకు ఓర్చుకొన్నంతకాలమే మూడు బుర్రలును ఒక వెదురును కలిసి ఒక్క పాట పాడును.